నిజం చెబితే నష్టం.. దేవుని న్యాయం ఎక్కడ?

కరీంనగర్: దేవుడు న్యాయవంతుడైతే లోకంలో ఇంత అన్యాయం ఎందుకుంది? ఇది పండితుల చర్చల్లో మాత్రమే వినిపించే ప్రశ్న కాదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లోని దళిత క్రైస్తవ కుటుంబాలకు ఇది కులం సర్టిఫికెట్టు కాగితం మీద ఎదురయ్యే ప్రశ్న. కొడుకు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేరోజున, తహశీల్దారు ఆఫీసులో మతం ఏమిటని అడిగినప్పుడు నిజం చెప్పాలా, దాచాలా?

ఇల్లు వాడలోనే ఉంది

ఈ ప్రాంతానికి క్రైస్తవం కొత్తది కాదు. నిజాం పాలనలో, 19వ శతాబ్దం చివరి దశకాల్లోనే వెస్లియన్ మిషనరీలు ఇక్కడికి వచ్చారు. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. 1947లో పలు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) ఏర్పడ్డాయి. 1978లో కరీంనగర్ అందులో ప్రత్యేక డయాసిస్ అయింది. మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ కేథలిక్ డయాసిస్ 1999లో ఏర్పడింది.

బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఎవరి ఇల్లూ వాడలోంచి ఊరి నడుమకు జరగలేదు. కూలి పని మారలేదు. ఊరివారు పిలిచే పిలుపూ మారలేదు. మారినదల్లా ప్రభుత్వ రికార్డు ఒక్కటే.

1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డు కులాలవారు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు దొరికింది. క్రైస్తవులు, ముస్లింలు మిగిలిపోయారు. అందుకే ఆగస్టు 10ని చర్చీలు నిరసన దినంగా పాటిస్తూ వచ్చాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని, వారి సంతానాన్ని బీసీల్లో 'సి' గ్రూపుగా చేర్చారు. దానికి కేటాయించిన వాటా ఒక్క శాతం. చట్టం ప్రకారం తప్పనిసరి కాని కొన్ని రాయితీలను వారికి కూడా వర్తింపజేస్తూ 1977 ఆగస్టులో ఉత్తర్వులు వచ్చాయి. అయితే ఎస్సీ హోదా మాత్రం రాలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనార్హం. షెడ్యూల్డు తెగలకు మతం నిబంధన లేదు. ఉట్నూరు వైపు ఒక గోండు క్రైస్తవుడైతే ఎస్టీగానే ఉంటాడు. అదే జిల్లాలో ఒక మాల గానీ మాదిగ గానీ క్రైస్తవుడైతే ఎస్సీ కాకుండా పోతాడు.

ఆసాపు అడిగిన ప్రశ్నే

ఈ పరిస్థితిలో కొందరు ఆదివారం చర్చికి వెళ్తూ రికార్డులో హిందువులుగానే కొనసాగుతారు. వారిని దొంగలని తిట్టడం తేలిక. పిల్లల చదువు, కూడు ముందున్నప్పుడు ఆ స్థితిలో ఉన్నవారికే తెలుస్తుంది ఆ బాధ. కానీ దీనికి ప్రమాదం కూడా ఉంది. పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అన్నది.

మరోవైపు, ఉన్నది ఉన్నట్లు రాయించినవాడు బీసీ-సి ఒక్క శాతంలో పోటీపడాలి. నిజం చెప్పినవాడు నష్టపోయి, దాచినవాడు ముందుకుపోతే దేవుని న్యాయం మీద నమ్మకం నిలిచేదెలా?

బైబిలులో ఈ ప్రశ్నను అణచివేయలేదు. 73వ కీర్తనలో ఆసాపు అనే గాయకుడు ఇదే అడుగుతాడు. చెడ్డవారు బలిసి సుఖంగా ఉంటే, తాను శుద్ధంగా బతికి ఏం లాభమని వాపోతాడు. తన అడుగులు జారిపోబోయాయని దాపరికం లేకుండా ఒప్పుకుంటాడు. ఆలయంలోకి వెళ్లాక అతని కష్టం తీరిపోలేదు. కానీ ఈరోజు కనిపించే లెక్కే చివరి లెక్క కాదని అర్థమైంది. హబక్కూకు ప్రవక్తకు వచ్చిన జవాబు కూడా దాదాపు అదే: ఆలస్యమైనా కనిపెట్టుకుని ఉండమని.

నమ్మకం అంటే నోరుమూసుకోవడం కాదు

కనిపెట్టుకుని ఉండడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమా? లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన విధవరాలి కథ దీనికి సమాధానం. దేవునికి భయపడని న్యాయాధిపతి చుట్టూ ఆమె తిరిగి తిరిగి, చివరికి తీర్పు సాధించుకుంటుంది. విసుగక ప్రార్థించాలని చెప్పిన కథ ఇది. ఆ ప్రార్థనకు యేసు చూపిన పోలిక ఆఫీసు మెట్లెక్కే ఒక పేదరాలు కావడం విశేషం.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై ఆ దారిలోనే నడిచాడు. తోటివారికి ఉచితంగా బంకులిచ్చి, క్రైస్తవుడన్న కారణంతో తనకు ఇవ్వకపోతే సుప్రీంకోర్టుకు వెళ్లాడు. మతం మారాక కూడా అంతే వివక్ష ఉన్నట్లు రుజువులు చాలవంటూ 1985లో కోర్టు అతని వాదన తోసిపుచ్చింది. 2004లో మరో పిటిషను దాఖలైంది. మూడో పేరా తొలగించాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2009లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ, 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అనుకూలంగా తీర్మానించాయి. ఇదే విషయం పరిశీలనకు 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ ఏర్పడింది.

ఎదుటివారి మాట కూడా వినాలి. క్రైస్తవంలో కులం లేదన్నప్పుడు కులం రిజర్వేషను ఎలా అడుగుతారన్నది వారి ప్రశ్న. ఉన్న వాటా తగ్గుతుందని హిందూ దళితుల భయం. ఇవి కొట్టిపారేయదగినవి కావు.

ముందు ఇంటిలో

మొదటి ప్రశ్న చర్చికీ తగులుతుంది. తెలుగు సంఘాల్లో మాల, మాదిగ అంటూ పదవుల కోసం జరిగే పోటీ అందరికీ తెలిసిందే. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంతోని 2022లో దేశంలోనే తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఆ రోజు రావడానికి ఎంతకాలం పట్టిందో ఆలోచిస్తే సంతోషంతోపాటు సిగ్గు కూడా కలుగుతుంది. పీఠం ముందు ఒకే రొట్టె పంచుకునేవారు సంఘం ఎన్నికల్లో కులం లెక్కలు వేస్తే, దేవుని న్యాయం గురించి ఢిల్లీని అడిగే నోటికి బలం ఉండదు.

తీర్పు దేవునిదని నమ్మినవాడికి రెండు పనులు తేలికవుతాయి. పగ తీర్చుకునే బరువు దిగిపోతుంది. అర్జీ పట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లే ఓపిక వస్తుంది. నష్టం తెలిసీ బీసీ-సి అని రాయించుకున్న తల్లిదండ్రులు మన పల్లెల్లో ఉన్నారు. వారి పిల్లల దరఖాస్తు వెనక్కి వచ్చిన రోజున సంఘం వారి గడప తొక్కాలి. ఫీజుకో, పుస్తకాలకో చేయి అందించాలి. దేవుని న్యాయం నమ్మదగినదని ఆ ఇంటికి తెలియడానికి అదే మొదటి సాక్ష్యం.