తీగ అతకాలంటే ఏ టంకం, ఏ ఫ్లక్స్?

కరెంటు పోయినప్పుడు చదువుకోవడానికి మా హాస్టల్లో ఒక ఎమర్జెన్సీ లైటు ఉంది. పబ్లిక్ పరీక్షల ముందు దాని బ్యాటరీ దగ్గర తీగ ఊడిపోయింది. మల్కాపురంలో రేకు డబ్బాలు, బకెట్లు అతికే తాత దగ్గర కాస్త యాసిడ్ ఫ్లక్స్ అడిగి తెచ్చి మేమే అతికాం. లైటు వెలిగింది. వార్డెన్ గారు మెచ్చుకున్నారు. మూడు వారాలకు మళ్లీ ఆరిపోయింది. విప్పి చూస్తే అతుకు చుట్టూ పచ్చగా చిలుము. తీగ పోగులు ముట్టుకుంటే విరిగిపోతున్నాయి. ఆ రాత్రి కొవ్వొత్తి ముందు లెక్కలు చేసుకున్నాం.

తప్పు తాతది కాదు, మాది. ఆయన మందు రేకుకు మంచిదే.

రాగి తీగ మీద గాలి తగిలి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉంటే టంకం తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. పొరను కరిగించి తొలగించేదే ఫ్లక్స్. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు నవాసాగరం చల్లేది కూడా ఇందుకే. రేకు పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్‌లో సాధారణంగా జింక్ క్లోరైడ్ ఉంటుంది. దానికి తేమను పీల్చుకునే గుణం ఉంది. అతికాక నీళ్లతో బాగా కడిగితే సరే. కానీ అల్లిన తీగ పోగుల మధ్య దూరినదాన్ని ఎవరు కడగగలరు? పైగా మాది యారాడ. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడ సైకిలు చైనే ఉప్పుగాలికి నిలవదు, సన్నని రాగి పోగులెంత!

విద్యుత్ తీగలకు రోజిన్ ఫ్లక్స్ వాడాలి. ఇది పైన్ చెట్ల బంక నుంచి వస్తుంది. వేడికి కరిగినప్పుడు మాత్రమే పనిచేసి, చల్లారాక గట్టిపడి ఊరుకుంటుంది. టంకం తీగ మధ్యలోనే రోజిన్ నింపి అమ్ముతారు. డబ్బాలో పేస్టు కొనేటట్లయితే పైన రోజిన్ అని రాసి ఉందో లేదో చూడండి.

ఇక టంకం. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సీసం 327 దగ్గర కరుగుతాయి. వింతేమిటంటే 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిపితే 183 డిగ్రీలకే కరుగుతుంది, చల్లారగానే ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 కూడా దాదాపు అంతే. సగం సగం కలిపినది పూర్తిగా కరగాలంటే సుమారు 215 డిగ్రీలు కావాలి. అంతవరకు ముద్దలా ఉంటుంది కాబట్టి అతుకు కదిలి పాడవుతుంది. సీసం విషమని యూరప్ 2006 జూలై నుంచి చాలా ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాన్ని కట్టడి చేసింది. సీసం లేనిదానికి వేడి ఎక్కువ కావాలి. మేం 60/40తోనే నేర్చుకున్నాం. అయితే పని కాగానే సబ్బుతో చేతులు కడగందే మెస్‌లోకి వెళ్లం. పొగ పీల్చకుండా కిటికీ పక్కన కూర్చుంటాం.

ముందు తీగను బ్లేడుతో గీకి, గట్టిగా మెలివేయాలి. బలం మెలికదే. టంకాన్ని కాదు, తీగను వేడి చేయాలి. ఆ వేడికి టంకం తానే కరిగి పోగుల్లోకి పాకుతుంది. అల్యూమినియం తీగకు ఈ టంకం అంటదు, ప్రయత్నించి అలసిపోవద్దు.

గోడలోని ఇంటి కరెంటు తీగల జోలికి మాత్రం వెళ్లకండి, అది ఎలక్ట్రీషియన్ పని. స్క్రూ కింద బిగించే తీగ కొనకు టంకం పూయడం కూడా తప్పే. ఒత్తిడికి టంకం మెల్లగా అణిగి, స్క్రూ వదులై, అక్కడ వేడి పుడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి చీకట్లో గడిపామని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటారు. అందుకే ఈ లైటును వదిలెయ్యలేదు. చెడిన తీగను మంచి రాగి కనిపించేదాకా కోసి, రోజిన్ టంకంతో అతికి, పైన స్లీవు తొడిగాం. ఇప్పుడది స్టడీ హాలు గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది. ఈ వారం చార్జింగు పెట్టే వంతు ఎనిమిదో తరగతి వారిది.