రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నారా?

మూడు నాలుగు వారాలకోసారి బిడ్డకు రక్తం ఎక్కించడానికి వచ్చే తల్లి ఏదో ఒకరోజు ఈ ప్రశ్న అడుగుతుంది: "ఇంకొకరిని కనొచ్చా డాక్టరమ్మా? ఆ బిడ్డకూ ఇదే వస్తుందా?" దీనికి సగం జవాబు వైద్యశాస్త్రం చెబుతుంది. మిగతా సగం భార్యాభర్తల మనస్సాక్షి చెప్పుకోవాలి.

ఈ వ్యాధి ఎలా వస్తుంది?

తల్లి, తండ్రి ఇద్దరూ తలసేమియా వాహకులైతేనే బిడ్డకు తలసేమియా మేజర్ వస్తుంది. వాహకులు చూడడానికి ఆరోగ్యంగానే ఉంటారు. అందువల్ల పరీక్ష చేయించుకుంటే తప్ప వారికి ఆ సంగతి తెలియదు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు వాహకులని అంచనా. మేనరికాలలో ఒకే తాత నుంచి వచ్చిన లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. లోపం ఇద్దరి నుంచీ సమానంగా వస్తుంది కనుక, "కోడలి వల్లే వచ్చింది" అనడం తప్పు, అన్యాయం కూడా.

ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, బిడ్డ వాహకుడయ్యే అవకాశం 50 శాతం, ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. "మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక ముగ్గురికి రాదు" అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేసి తీసినట్టే, ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది.

ఏ మార్గాలున్నాయి?

మొదటిది, గర్భంలో పరీక్ష. 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. గర్భస్రావమయ్యే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. తల్లిదండ్రుల జన్యులోపం ఏ రకమో ముందే తెలిసి ఉండాలి కాబట్టి, గర్భం రాకముందే సలహాకు రావడం మంచిది. వ్యాధి ఉందని తేలితే గర్భాన్ని కొనసాగించాలా వద్దా అన్న కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. 2021లో సవరించిన చట్టం ప్రకారం, బిడ్డకు తీవ్రమైన వ్యాధి ఉంటే వైద్యుల అభిప్రాయంతో 24 వారాల వరకు గర్భం తీయించుకోవచ్చు. ఆ తర్వాతైతే మెడికల్ బోర్డు నిర్ణయించాలి. అయితే చట్టం అనుమతిస్తుందే తప్ప ఆజ్ఞాపించదు. పెళ్లయిన స్త్రీ విషయంలోనూ ఆమె సమ్మతే ముఖ్యం. భర్త గానీ అత్తమామలు గానీ బలవంతపెట్టకూడదు.

రెండవది, టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో పిండాలను తయారుచేసి, కొన్ని కణాలను పరీక్షించి, వ్యాధి లేని పిండాన్నే గర్భంలో ఉంచడం. ఇలాంటి పరీక్ష తర్వాత గర్భధారణలు జరిగినట్టు 1990లో లండన్ వైద్యులు ప్రకటించారు. ఇందులో గర్భస్రావం చేయించుకోవలసిన పరిస్థితి చాలావరకు తప్పుతుంది. కానీ ఖర్చు లక్షల్లో ఉంటుంది. గర్భం నిలుస్తుందన్న హామీ లేదు. మిగిలిన పిండాలను ఏం చేయాలన్న ప్రశ్న కూడా ఉంటుంది.

మూడవది, ఇక పిల్లలు వద్దనుకోవడం, లేదా దత్తత తీసుకోవడం. ఏ పరీక్షా లేకుండా బిడ్డను కని, ఎలా ఉన్నా పెంచుకుంటామనే దంపతులూ ఉన్నారు.

మనస్సాక్షి ముందున్న ప్రశ్నలు

పిండాన్ని ఎప్పటి నుంచి మనిషిగా చూడాలి? అందరూ దీనికి ఒకే జవాబు చెప్పరు. గర్భధారణ క్షణం నుంచే అది మానవ ప్రాణమని కాథలిక్ సంఘం బోధిస్తుంది. 1987లో వెలువరించిన పత్రంలో టెస్ట్ ట్యూబ్ పద్ధతిని అది అంగీకరించలేదు. గర్భంలో పరీక్షను మాత్రం, బిడ్డ సంరక్షణ కోసమైతే, తప్పని అనలేదు. బిడ్డ జీవితాంతం పడే బాధను ముందే తప్పించడమే దయ అని నమ్మేవారూ ఉన్నారు. రెండు వైపులా ప్రేమ ఉంది.

"పరీక్ష చేయించుకుంటే ఇప్పుడున్న బిడ్డ వద్దన్నట్టేనా?" అని కొందరు తల్లులు కుమిలిపోతారు. కాదు. వ్యాధిని వద్దనుకోవడం వేరు, బిడ్డను వద్దనుకోవడం వేరు. క్రమంగా రక్తం ఎక్కించి, ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందులు వాడితే నేడు చాలామంది పెద్దవారై చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ నిజం కూడా తెలిసి ఉండాలి.

పెద్ద బిడ్డకు ఎముక మూలుగ ఇచ్చేందుకు సరిపోయే తమ్ముణ్ణో చెల్లెల్నో పిండపరీక్షతో ఎంచుకోవచ్చా? 2000లో అమెరికాలో ఒక కుటుంబం వేరే రక్తవ్యాధి విషయంలో అలాగే చేసింది. అలా పుట్టే బిడ్డ కేవలం మందు కాదు. ఆ బిడ్డను తనకోసమే ప్రేమించగలమా అని ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

ఒక హద్దును మాత్రం ఎవరూ దాటకూడదు. ఈ పరీక్షల పేరుతో ఆడో మగో తెలుసుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం. 2021 నాటి చట్టం కూడా పిండపరీక్షను వంశపారంపర్య వ్యాధుల కోసమే అనుమతిస్తుంది.

ఎంత ముందైతే అంత తేలిక

గర్భం వచ్చాక నిర్ణయం బరువుగా ఉంటుంది. పెళ్లికి ముందైతే ఒక్క రక్తపరీక్షతో సరిపోతుంది. తలసేమియా ఎక్కువగా ఉండే సైప్రస్ దేశంలో, పరీక్ష చేయించుకున్నామన్న పత్రం తెస్తేనే పెళ్లి జరిపించే పద్ధతిని అక్కడి చర్చి 1980లలో ప్రవేశపెట్టింది. ఫలితం ఏదైనా పెళ్లి చేసుకోవాలో వద్దో ఆ జంట ఇష్టం. చాలామంది పెళ్లి మానుకోలేదు. తెలిసి చేసుకున్నారు, తర్వాత గర్భంలో పరీక్ష చేయించుకున్నారు. వ్యాధితో పుట్టే పిల్లల సంఖ్య బాగా తగ్గిపోయింది.

కనుక మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, పెళ్లీడు పిల్లలకు హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించండి. వాహకుడని తేలితే సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీరు మరో బిడ్డను కోరుకుంటే భార్యాభర్తలు ఇద్దరూ కలిసి, బిడ్డ రిపోర్టులతో డాక్టరును కలవండి. తెలియనిది అడగండి, తొందరపడకండి. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా, ఇప్పుడున్న బిడ్డకు రక్తం, మందులు ఒక్క వారం కూడా ఆలస్యం కానివ్వకండి.