నోటిలో అతుక్కునే ఔషధ పొరలు

నోటి లోపలి శ్లేష్మపు పొరకు అతుక్కొని, మందును నెమ్మదిగా విడుదల చేసే పలుచని పాలిమర్ పొరలను మ్యూకోఅడెసివ్ పొరలు అంటారు. కాండిడా ఆల్బికన్స్ అనే శిలీంధ్రం వలన కలిగే నోటి కాండిడియాసిస్ చికిత్స కొరకు వీటిపై పరిశోధనలు జరుగుతున్నాయి.

ఆవశ్యకత

ఈ వ్యాధిలో నాలుకపైన, బుగ్గల లోపల తెల్లని మచ్చలు ఏర్పడతాయి. పసిపిల్లలు, కట్టుడు పళ్ళు వాడేవారు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవారు, ఎయిడ్స్ వంటి కారణాల వలన రోగనిరోధక శక్తి తగ్గినవారు దీనికి ఎక్కువగా గురి అవుతారు. నిస్టాటిన్ ద్రవంతో పుక్కిలించినా లాలాజలం దానిని త్వరగా కడిగివేస్తుంది. అందువలన రోజుకు పలుమార్లు వాడవలసి వస్తుంది. ఫ్లూకొనజోల్ మాత్ర మింగితే మందు శరీరమంతా వ్యాపించి, రోగి వాడుతున్న ఇతర మందులపై ప్రభావం చూపవచ్చు.

తయారీ

కైటోసాన్, కార్బోపాల్ వంటి పాలిమర్లను, మందును ద్రావణిలో కలుపుతారు. పొర పెళుసుగా ఉండకుండా గ్లిసరాల్ చేర్చి, పళ్ళెంలో పలుచగా పోసి ఆరబెట్టి, ముక్కలుగా కత్తిరిస్తారు.

పనిచేయు విధానం

పొర తడిని పీల్చి ఉబ్బుతుంది. అప్పుడు పాలిమర్ గొలుసులు శ్లేష్మంలోని మ్యూసిన్ అణువులతో పెనవేసుకొని హైడ్రోజన్ బంధాలను ఏర్పరుస్తాయి. కైటోసాన్ ధనావేశం, మ్యూసిన్ ఋణావేశం కలిగి ఉండుట వలన పట్టు మరింత పెరుగుతుంది. అయితే పొర మితిమీరి ఉబ్బితే పట్టు సడలి జారిపోతుంది. కనుక పాలిమర్ల పాళ్ళు కీలకమైనవి.

వాడుక

ఇదే సూత్రంపై పనిచేసే 50 మి.గ్రా. మైకొనజోల్ మాత్రను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఆమోదించింది. దీనిని రోజుకు ఒకటి చొప్పున 14 రోజులు పై చిగుళ్ళకు అతికిస్తారు. మైకొనజోల్ కొంత రక్తంలో కలిసి వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచవచ్చు. కావున రక్తం గడ్డకట్టకుండా ఆ మందు వాడేవారు ముందుగా వైద్యునికి తెలియజేయాలి.