రొయ్యల గుంటల్లో మోటార్ల విద్యుత్తు వృథా: చిట్టమూరు తీర నేపథ్యం

వ్యాససంగ్రహం: నెల్లూరు తీరంలోని రొయ్యల సాగులో ఏరేటర్లను తిప్పే మోటార్ల వద్ద విద్యుత్తు ఎలా వృథా అవుతుందో, అందులో మోటారు పాలు ఎంతో, వాడే తీరు పాలు ఎంతో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: దక్షత, సామర్థ్యం, ఏరేటర్, వనామీ, రీవైండింగ్.

1. ఉపోద్ఘాతం

ప్రపంచ విద్యుత్ వినియోగంలో 43 నుంచి 46 శాతం మోటారు ఆధారిత వ్యవస్థలదేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2011లో అంచనా వేసింది. మోటార్లు అనగానే కర్మాగారాలే గుర్తుకు వస్తాయి. చిట్టమూరు, వాకాడు, కోట ప్రాంతాల్లో మాత్రం రాత్రంతా మోటార్లు తిరిగే చోటు రొయ్యల గుంట. దేశంలో 2009లో వనామీ సాగుకు అనుమతి లభించిన తరువాత గుంటల్లో పిల్లల సాంద్రత పెరిగింది. దానితోపాటే నీటికి ప్రాణవాయువును అందించే ఏరేటర్ల అవసరమూ పెరిగింది.

2. దక్షత, సామర్థ్యం

భౌతికశాస్త్ర పరిభాషలో సామర్థ్యం అంటే యంత్రం పని చేసే రేటు. అశ్వశక్తి దానికి కొలమానం. తీసుకున్న విద్యుత్తులో ఎంత భాగం పనిగా మారిందో తెలిపేది దక్షత. వాడుకలో రెండింటినీ సామర్థ్యమనే అనడం వల్ల పెద్ద మోటారే మేలైన మోటారన్న భావన ఏర్పడుతుంది. నిజానికి అవసరానికి మించిన మోటారు తక్కువ భారంతో తిరుగుతుంది. భారం సగానికన్నా బాగా తగ్గినప్పుడు దక్షత కూడా పడిపోతుంది.

3. మోటారులోని నష్టం

తీగచుట్టలో వేడి, ఇనుప పలకల్లో అయస్కాంత నష్టం, బేరింగుల రాపిడి అన్నవి మూడు ప్రధాన నష్టాలు. ఉప్పుగాలికి బేరింగులు త్వరగా దెబ్బతింటాయి. కాలిపోయిన మోటారును రీవైండింగ్ చేసేటప్పుడు పాత తీగను తీయడానికి అతిగా వేడి చేస్తే పలకల మధ్య పూత చెడుతుంది. సన్నని తీగ చుడితే దాని నిరోధం పెరుగుతుంది. మోటారు మునుపటిలాగే తిరుగుతుంది కాబట్టి ఈ నష్టం కంటికి కనిపించదు, బిల్లులో మాత్రమే తెలుస్తుంది.

అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం 1.5 కిలోవాట్ల (సుమారు 2 అశ్వశక్తి) నాలుగు ధ్రువాల మోటారుకు ఐఇ1 తరగతిలో కనీస దక్షత 77.2 శాతం, ఐఇ3లో 85.3 శాతం. పూర్తి భారంపై మొదటిది 1,943 వాట్లు తీసుకుంటే, రెండవది 1,758 వాట్లతో అదే పని చేస్తుంది.

4. వాడుకలోని నష్టం

ఒక గుంటలో ఇటువంటి ఐఇ1 మోటార్లు నాలుగు ఉన్నాయనుకుందాం. రోజుకు 10 గంటల చొప్పున 120 రోజులు తిరిగితే సుమారు 9,330 యూనిట్లు ఖర్చవుతాయి. నాలుగింటినీ ఐఇ3కి మారిస్తే సుమారు 890 యూనిట్లు మిగులుతాయి. మోటార్లు మార్చకుండానే, రొయ్య చిన్నదిగా ఉండే తొలి 40 రోజులు రెండింటినే నడిపితే సుమారు 1,550 యూనిట్లు మిగులుతాయి. అంటే మోటారు మార్పుకన్నా నడిపే క్రమంలోని మార్పే ఇక్కడ ఎక్కువ ఫలితమిస్తుంది. ఒక అశ్వశక్తి ఏరేటర్ 400 నుంచి 500 కిలోల రొయ్యలకు సరిపోతుందన్న ప్రచలిత లెక్క కూడా ఏరేటర్ల సంఖ్యను గుంటలోని రొయ్యల బరువుతోనే ముడిపెడుతుంది.

5. పొదుపుకు హద్దు

పగలు నీటిలోని వృక్షప్లవకాలు ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా దానిని వాడుకోవడం వల్ల తెల్లవారుజామున నీటిలో దాని పరిమాణం అత్యల్పస్థాయికి చేరుతుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగితే నెలల శ్రమ ఒక్క రాత్రిలో పోవచ్చు. అందుకే రైతు అవసరానికి మించి మోటార్లు తిప్పడాన్ని కేవలం అజాగ్రత్తగా చూడలేం. కొలత లేనిచోట ఆ వృథాయే అతనికి బీమా. ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా మీటరుతో చూసుకుంటూ ఏరేటర్లను నడిపినప్పుడే పొదుపు క్షేమకరమవుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో ఈ కొలత మరింత అవసరం.

6. ముగింపు

ఇంధన పరిరక్షణ చట్టం 2001లో వచ్చింది; దాని అమలుకు ఇంధన సామర్థ్య సంస్థ 2002లో ఏర్పడింది. యంత్రాల ప్రమాణాలు మెరుగుపడటం అవసరమే. అయితే రొయ్యల గుంటైనా, బియ్యపు మిల్లైనా, ఐస్ ఫ్యాక్టరీ అయినా ముందు తేల్చుకోవలసినది ఎంత పని, ఏ వేళ అవసరమన్నది. దానిని కొలిచిన తరువాతే ఏ మోటారు కొనాలన్న ప్రశ్నకు సరైన జవాబు దొరుకుతుంది.