అంకెల జాబితా నుంచి సంఖ్య: రికర్షన్‌పై అపోహలు – వాస్తవాలు

విడివిడిగా ఉన్న అంకెల్ని కలిపి ఒక్క సంఖ్య చేయమంటే, ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది తడబడతారు. రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతితో, చేయమంటే ఇంకా బెదురుతారు. హరిశ్చంద్రపురం, టెక్కలి, పలాస నుంచి కంప్యూటర్ కోర్సుల్లో చేరే పిల్లలకు ఆ బెదురు అక్కర్లేదు. దీనికి చక్కటి ఉదాహరణ వాళ్ల శ్రీకాకుళం జిల్లాలోనే, రాగిరేకుల మీద ఉంది.

అపోహ: అంకెల్ని ఎప్పుడైనా పెద్ద స్థానం నుంచే చెప్పాలి.

వాస్తవం: నరసన్నపేట ప్రాంతంలో దొరికిన నడగాం రాగిరేకుల శాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రచురించినవారు గిడుగు రామమూర్తి. తూర్పు గంగరాజు వజ్రహస్తుడు పట్టాభిషిక్తుడైన సంవత్సరాన్ని అందులో వియత్తు, ఋతువులు, నిధులు అనే మాటలతో చెప్పారు. వియత్తు అంటే ఆకాశం, దాని విలువ 0. ఋతువులు 6, నిధులు 9. ఒకట్ల స్థానం ముందు, వందలు చివర. అంటే శక సంవత్సరం 960, క్రీ.శ. 1038. రికర్షన్‌కు ఈ వరుస ఎంతో అనుకూలం.

అపోహ: తనను తానే పిలుచుకునే ఫంక్షన్ ఎప్పటికీ ఆగదు.

వాస్తవం: ఆగే చోటు మనం చెప్పకపోతేనే ఆ ప్రమాదం. సూత్రం ఇది:

విలువ(ఖాళీ జాబితా) = 0
విలువ(జాబితా) = మొదటి అంకె + 10 × విలువ(మిగతా జాబితా)

[0, 6, 9] ఇస్తే ఫంక్షన్ 0ని పక్కన పెట్టి [6, 9] విలువ అడుగుతుంది. అది 6ని పక్కన పెట్టి [9] విలువ అడుగుతుంది. పిలిచిన ప్రతిసారీ జాబితా ఒక అంకె తగ్గి, చివరికి ఖాళీ అవుతుంది. అక్కడ 0 దొరుకుతుంది. ఇక తిరుగు ప్రయాణం: 9 + 10×0 = 9, 6 + 10×9 = 96, 0 + 10×96 = 960.

అపోహ: సున్నాకు విలువ లేదు, తీసేసినా ఫర్వాలేదు.

వాస్తవం: పై జాబితాలో 0 తీసేస్తే శక 960 కాస్తా 96 అయిపోతుంది. అన్నిటికన్నా పెద్ద స్థానంలో ఉండే సున్నా మాత్రం సంఖ్యలో మిగలదు. శ్రీకాకుళం ఎస్టీడీ కోడ్ 08942ను సంఖ్యగా మారిస్తే 8942 అవుతుంది. అందుకే ఫోన్ నంబర్లను సంఖ్యలుగా కాక, అక్షరాల వరుసగా దాచాలి.

అపోహ: జాబితా ఏ వైపు నుంచి ఉన్నా అదే సూత్రం చాలు.

వాస్తవం: టెక్కలి పిన్‌కోడ్ అంకెలు 5, 3, 2, 2, 0, 1. వీటికి పై సూత్రం వాడితే 102235 వస్తుంది. ఇక్కడ ‘చివరి అంకె + 10 × విలువ(దానికి ముందున్న జాబితా)’ అనాలి. అప్పుడు 5, 53, 532, 5322, 53220, 532201 అని సరిగ్గా పెరుగుతుంది. రెండు పద్ధతుల్లోనూ జాబితా పొడవు లెక్కపెట్టే పని గానీ, వందలు, వేల స్థానాలకు పది ఘాతాలు విడిగా కట్టే పని గానీ లేదు.

అపోహ: లూప్ కన్నా రికర్షన్ ఎప్పుడూ మేలు.

వాస్తవం: ఆలోచనను స్పష్టంగా చూపడంలో రికర్షన్ మేటి. కానీ పూర్తికాని ప్రతి పిలుపూ మెమరీలో చోటు పట్టుకునే ఉంటుంది. పైథాన్‌లో ఈ పిలుపుల లోతుకు మామూలు పరిమితి 1000. దానికి తోడు ‘మిగతా జాబితా’ను ముక్క కోసి ఇచ్చిన ప్రతిసారీ కొత్త నకలు తయారవుతుంది. వేల అంకెలుంటే లూపే సరైనది.

అపోహ: ఇదంతా పదుల లెక్కకే పనికొస్తుంది.

వాస్తవం: 10 బదులు 2 పెడితే బైనరీ సంఖ్య వస్తుంది. 60 పెడితే గంటలు, నిమిషాలు, సెకన్లు కలిసి మొత్తం సెకన్లవుతాయి.

కోడ్ రాయబోయే ముందు రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోండి: ఖాళీ జాబితా విలువ ఎంత? ఒకట్ల స్థానం ఏ చివర ఉంది? ఈ రెండూ తేలితే ఫంక్షన్ రెండు వరుసల్లో పూర్తవుతుంది.