బేస్ గిటార్‌లో పాత సౌండ్

ఇళయరాజా పాటల్లో గొంతు కింద గుంభనంగా నడిచే శబ్దం ఉంటుంది చూడండి, అది బేస్ గిటార్. మా ఇంట్లో నాన్న తెలుగు, ఆయీ మరాఠీ. 1989 నాటి ‘గీతాంజలి’ పాటలు పెడితే మాత్రం ఇద్దరూ ఒకటే. ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బుతో ఇప్పుడు నేనూ బేస్ కొనబోతున్నా. "పాత సౌండ్ కావాలంటే పాత గిటారే కొనాలి" అంటారు చాలామంది. నేనొప్పుకోను. సగం సంగతి తీగల్లోనే ఉంది.

మామూలు బేస్ తీగకు ఉక్కు నడితీగ మీద గుండ్రటి సన్నతీగ చుట్టి ఉంటుంది. తడిమితే గరగర, మీటితే గణగణ, వేలు జరిపితే కీచు! ఫ్లాట్‌వౌండ్ రకానికి చుట్టేది రిబ్బన్‌లా చదునైన తీగ. నున్నగా ఉంటుంది, మోత మెత్తగా వచ్చి త్వరగా ఆగుతుంది. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్‌సన్ తన 1962 ఫెండర్ ప్రెసిషన్‌కు ఇవే వాడాడు. తెగితే తప్ప మార్చేవాడు కాదట. మా ఆయీ ఇనుప పెనం కూడా అంతే, పాతబడేకొద్దీ రుచి.

అందుకే ప్రెసిషన్ నమూనాలో చేసిన కొత్త, చవక బేస్ చాలు. మిగిలిన డబ్బు ఫ్లాట్‌వౌండ్లకు. ఖరీదెక్కువే, కానీ ఏళ్ల తరబడి ఉంటాయి. టోన్ నాబ్ తగ్గించి, బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క పెడితే మోత ఇంకా పొట్టిదవుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ తీగలు సాధారణంగా ఎక్కువ బిగువుగా లాగుతాయి, గిటార్ మెడ వంగొచ్చు. పైగా మన చంద్రపూర్ ఎండలకు కర్రా కదులుతుంది. తీగలు మార్చగానే తెలిసినవాళ్లతో మెడ సరిచేయించాలి. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ పద్ధతి ఇష్టమైతే మాత్రం గుండ్రటివే ఉంచుకోండి.