మంచు మీద బాతు పాదం

శీతల దేశాల్లో చెరువులు గడ్డకట్టిన రోజుల్లోనూ మల్లార్డ్ బాతులు మంచు మీదే నిలబడి ఉండడం చూసినవారిని వదలని సందేహం ఒకటుంది: ఈకలు లేని ఆ పలుచని పాదాలు ఎందుకు గడ్డకట్టవు? దేహం సంగతి తేలికే. లోపలి నూగు ఈకలు గాలిని పట్టి ఉంచుతాయి, పై ఈకలు నీటిని చొరనీయవు, చర్మం కింద కొవ్వు ఉంటుంది, మేత కరవైతే వెచ్చని చోటికి ఎగిరిపోనూ వచ్చు. అసలు అద్భుతం కాలిలో ఉంది.

బాతు రక్తం వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. అదే వేడితో పాదాన్ని చేరితే అదంతా మంచు పాలవుతుంది. పాదంలో చల్లబడినది అలాగే వెనుదిరిగితే దేహమే చల్లబడుతుంది. అయితే కాలి పైభాగంలో గుండె నుంచి రక్తాన్ని తెచ్చే ధమనులూ, తిరిగి తీసుకుపోయే సిరలూ పెనవేసుకుని ఉండడంతో, దిగే వెచ్చని రక్తం తన వేడిని ఎక్కే చల్లని రక్తానికి దారిలోనే అప్పగిస్తుంది. దీనినే ఎదురు ప్రవాహ ఉష్ణమార్పిడి అంటారు. రెండు సమాన ప్రవాహాలు ఒకే దిశలో సాగితే, 40 డిగ్రీలదీ 0 డిగ్రీలదీ 20 దగ్గర సమమై, మార్పిడి సగంలో ఆగిపోతుంది; ఎదురెదురుగా సాగితే మాత్రం ధమని పక్కనున్న సిర ఎక్కడికక్కడ కాస్తంత చల్లగానే ఉంటుంది కనుక, ఆ చిన్న తేడా దారి పొడవునా నిలిచి, వేడిలో అత్యధిక భాగం దేహానికే తిరిగి చేరుతుంది. పాదంలో ఉన్నవి ప్రధానంగా ఎముకలూ, కండరాలను ఎముకలకు కలిపే స్నాయుబంధనాలూ కాబట్టి చల్లని రక్తంతోనే దానికి గడిచిపోతుంది; మరీ గడ్డకట్టే స్థితి వస్తే నాళాలు కాసేపు తెరుచుకుని వెచ్చని రక్తాన్ని వదులుతాయి.

ఇలాంటి నాళాల అల్లికను 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ పశువుల మెదడు అడుగున చూసి, మనిషికీ ఉందని చెప్పి, ప్రాణశక్తి అక్కడే తయారవుతుందని కూడా తేల్చేశాడు. 1538లో దాన్ని బొమ్మగా గీసిన శరీరనిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్సే 1543లో మనిషిలో అది లేదని తోసిపుచ్చాడు. వందల ఏళ్లు లేనిచోట వెతికిన ఆ జాలం పక్షి కాలిలో నిక్షేపంగా ఉంది! దాని పక్కపక్క నాళాల మధ్య వేడి మారుతుందన్న ఆలోచన 1876లో శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్‌ది. 1950లలో అదే రంగానికి చెందిన షోలాండర్ తిమింగలాల రెక్కల్లోనూ ఇదే ఏర్పాటును వివరించాడు.

ప్రయోజనం ఏమిటని అడగనిదే ఊరుకోనివారికి, డెయిరీల్లో పాలను వేడిచేసే యంత్రాలు ఇదే సూత్రం మీద నడుస్తాయని చెబితే చాలు. అయినా బాతు కాలి ముందు ఆ యంత్రం తీసికట్టే: కొల్లేరుకు వలస వచ్చే సూదితోక బాతు, ఎండ ముదిరినప్పుడు పాదాలకు రక్తప్రవాహం పెంచి, ఉత్తరాన దాచుకున్న అదే వేడిని అదే కాలితో నీళ్లలోకి వదిలేస్తుంది.